మగ్గం మీద వేసిన నింద

మా అన్నకు చెవులు ఎందుకు వినపడవో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ దాచిపెట్టిన సంగతి కాదు, ఎవరూ కూర్చుని చెప్పుకున్నదీ కాదు. ఇంటి నంబరు తెలిసినట్టే ఇదీ తెలుసు. మగ్గం చప్పుడుకు పోయాయి, అంతే. అందుకే డిగ్రీ చివరి సంవత్సరంలో మా జెనెటిక్స్ మేడమ్ వంశపారంపర్యంగా వచ్చే వ్యాధుల మీద సెమినార్ చెయ్యమని చెప్పి, "మీకు తెలిసిన కుటుంబం ఒకటి తీసుకుని వాళ్ల వంశవృక్షం గీయండి" అన్నప్పుడు నాకు మా ఇల్లు గుర్తే రాలేదు. ఆ సాయంత్రం అన్న పక్కన కూర్చుని, వాడి చేతిలోని పొట్లంలోంచి పల్లీలు తీసుకుని తింటూ, ఇలాంటి లోపాలు ఎవరింట్లో ఉంటాయబ్బా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

మాది పోచంపల్లి పక్కన చిన్న ఊరు. అన్న పుట్టినప్పుడు ఇంట్లో మగ్గం ఉండేది. నాయిన నేసేవాడు. అమ్మ ఆ గదిలోనే ఆసు పోసేది, అంటే చీర మీద పువ్వు పడేందుకు దారాన్ని మేకుల మీదుగా ఇటూ అటూ తిప్పి పేర్చడం. పొద్దంతా చెయ్యి ఆడుతూనే ఉండాలి కాబట్టి ఊయలను కూడా మగ్గం గదిలోనే దూలానికి కట్టుకుంది. అంత చప్పుడులోనూ పిల్లవాడు ఉలిక్కిపడకుండా హాయిగా నిద్రపోతుంటే, బుద్ధిమంతుడిని కన్నావని వాడకట్టు ఆడవాళ్లు అమ్మను మెచ్చుకున్నారట. తర్వాత వాడికి నడక వచ్చింది కానీ మాట రాలేదు. వెనక నుంచి కంచం మీద గరిటెతో కొట్టినా తిరిగి చూడలేదు. అప్పుడు మా నాయినమ్మ తీర్పు చెప్పేసింది.

"మగ్గం కాడ పండబెట్టి పోరని చెవులు పోగొట్టింది."

ఆ మాట అమ్మ మీద పడింది. నాయిన మగ్గం అమ్మేసి అమ్మనూ అన్ననూ తీసుకుని పట్నం వచ్చేశాడు. ఎల్బీ నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌మన్‌గా కుదిరాడు. మిషన్ మీద అచ్చేసిన పోచంపల్లి డిజైన్ చీరలను భుజం మీద వేసుకుని చూపిస్తూ, "చేత్తో నేసింది లాగే ఉంటదమ్మా" అని చెప్పడం ఆయన ఉద్యోగం. నేను పట్నంలోనే పుట్టాను. నా చెవులు శుభ్రంగా వినపడ్డాయి. దాంతో నాయినమ్మ మాట రుజువైపోయింది. మగ్గం లేని ఇంట్లో పుట్టిన పిల్లకు చెవులున్నాయి కదా మరి.

అన్న నాకంటే ఐదేళ్లు పెద్ద. బధిరుల బడిలో పదో తరగతి దాకా చదివి, దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక ఫ్లెక్సీలు వేసే షాపులో పనికి చేరాడు. మా ఇద్దరికీ చేతుల భాష ఒకటుండేది. సగం వాడు బడిలో నేర్చుకున్నది, సగం మేం పుట్టించుకున్నది. నాయినంటే బట్ట మూర కొలవడం, అమ్మంటే ఆసు తిప్పే చెయ్యి. నాయినకు అందులో పది ముక్కలు వచ్చు, అమ్మకు ఇంకాస్త ఎక్కువ. పూర్తిగా వచ్చింది నాకే. నాకు కోపం ఎక్కువ, నోటితో మాట్లాడితే ఎవరితోనైనా జగడమే. చేతులతో అన్నకు చెప్పుకుంటే మాత్రం సగం చెప్పేసరికే నవ్వొచ్చేది. కాలేజీలో ఎవరు ఏమన్నారో, బస్సులో ఎవడు కాలు తొక్కాడో అన్నీ సాయంత్రం వాడికే. నాకు స్నేహితులు తక్కువని అమ్మ బాధపడేది. నాకు ఆ లోటు తెలిసేది కాదు.

సెమినార్‌కు ముగ్గురిని ఒక జట్టు చేశారు. నేను, గుంటూరు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డ కుటుంబం అమ్మాయి ఒకతె, నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండే అబ్బాయి ఒకడు. ఆ అమ్మాయి మేనమామకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. కాబట్టి వర్ణాంధత్వం మీద చేద్దామనీ, వంశవృక్షం వాళ్లదే గీద్దామనీ అనుకున్నాం. ఆమె చార్ట్ మొదలుపెట్టింది కూడా. అప్పుడే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, క్లాసులు ఆగిపోయాయి. మా జట్టులో అబ్బాయి ర్యాలీల్లోకి వెళ్లిపోయాడు. ఒకరోజు కాలేజీ గేటు దగ్గర కనపడితే నిలదీశాను.

"ఏంది, పని జెయ్యవా? ఆడపిల్లలమే చెయ్యాలా అంతా?"

"జర ఆగరాదు, రాష్ట్రం రానియ్. ఒచ్చినంక మంచిగ జేద్దాం సెమినార్" అని నవ్వుతూ పోయాడు.

వారం తిరగకముందే గుంటూరు అమ్మాయి ఫోన్ చేసింది. "మా నాన్నగారు కొన్నాళ్లు అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లమంటున్నారే. ఇక్కడ గొడవలెలా ఉంటాయోనని భయం. వచ్చేస్తాలే, నువ్వేం అనుకోకు." నేను ఏమీ అనుకోలేదని చెప్పాను, కానీ అనుకున్నాను. ఇక్కడ ఆమెను ఎవరూ ఏమీ అనరని చెప్పాలనిపించింది. కానీ అంత గట్టిగా చెప్పడానికి నేనెవరిని? చార్ట్ కూడా ఆమెతోపాటే గుంటూరు పోయింది. మేడమ్‌కు చెబితే, "అయితే నువ్వొక్కదానివే చెయ్. కొత్త కుటుంబాన్ని చూసుకో" అంది.

ఖాళీ కాలేజీ ఎంత పెద్దదో అప్పుడే తెలిసింది. లైబ్రరీలో ఫ్యాను కింద నేనూ, పేపరు చదువుకునే అటెండరూ. మా కాలేజీ ఉన్న దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్ల పిల్లలతో నడవడానికి సందు దొరకని చోటు. అలాంటిది జిరాక్స్ షాపులు కూడా సగం షట్టర్ దించుకుని ఉండేవి. ఉద్యమం అంటే నాకూ ఇష్టమే, రాష్ట్రం రావాలనే నాకూ ఉండేది. అయినా అందరూ ఎక్కడో కలిసి ఉన్నారు, నేనొక్కదాన్నే ఇక్కడ మిగిలాను అనే అక్కసు ఉండేది. ఇంటికొచ్చి చేతులతో అన్న మీద విసుక్కునేదాన్ని.

ఆ ఆదివారం ఊరికి పోయి నాయినమ్మను అడుగుదామనుకున్నాను. ఆమె ఊళ్లోనే మా బాబాయి దగ్గర ఉండేది. ఏడు ఊళ్ల సాలోళ్ల, అంటే మా నేతవాళ్ల, సంబంధాలు ఆమె నోటి మీద ఉంటాయి. రంగులు తెలియనివాడు ఎవరో ఒకడు ఆ లెక్కలో తగలకపోడు. అన్న కూడా వస్తానన్నాడు. నాకు ఆశ్చర్యమేసింది, ఎందుకంటే ఆదివారాలు వాడికి షాపులో డ్యూటీ ఉంటుందని ఇంట్లో చెప్పేవాడు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆటోలో ఇరుక్కుని, పెద్ద అంబర్‌పేట్ దాటి, అక్కడ ఇంకో ఆటో పట్టుకుని ఊరు చేరాం.

ఇంటి ముందు దిగగానే అన్న చెప్పులు విడిచి నేరుగా బాబాయి మగ్గం గదిలోకి పోయాడు, మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. బాబాయి పక్కకు జరిగాడు. అలవాటైన మనిషికి జాగా ఇచ్చినట్టే జరిగాడు. అన్న కాళ్లు తొక్కుతున్నాయి, చెయ్యి తాడు లాగుతోంది, దారం మోసే నాడె అటూ ఇటూ పోతోంది. గది అదిరిపోతోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఎన్నొద్దుల నుంచి బాబాయ్?"

"శానా నెలలాయె బిడ్డా. పతి ఐతారం ఒస్తడు. మీ నాయినకు చెప్పకు, నన్ను సంపుతడు." బాబాయి గొంతు తగ్గించాడు, అన్నకు వినపడుతుందన్నట్టు. "వాని చెయ్యి జూడు. పోగు తెగితే మనకు కండ్లకు కానరావాలె. వానికి అరికాలుకే తెలుస్తది."

నేను ముందుకెళ్లి అన్న కళ్లెదుట చేతులు ఆడించాను. ఎందుకు చెప్పలేదు నాకు? వాడు మగ్గం ఆపి చెప్పాడు. ఫ్లెక్సీ మిషన్ పక్కన నిలబడి నిలబడి విసుగొచ్చింది. ఇక్కడే ఉండిపోతా. ఇదే పని చేస్తా. నాయిన ఒప్పుకోడు. ఆ చివరి మాటకు వాడి చేతులు కిందికి వాలిపోయాయి.

నాయిన ఒప్పుకోడని నాకూ తెలుసు. చిన్నప్పుడు పండక్కి వచ్చినప్పుడల్లా అన్న మగ్గం కర్రకు అరచేతులు ఆనించి కూర్చునేవాడు. నాయిన వచ్చి రెక్క పట్టి గుంజుకుపోయేవాడు. ఒకసారి చెంప మీద కొట్టాడు కూడా. "గా మగ్గం జేసింది చాలదా నీకు?" అని అరిచాడు, వినపడని కొడుకు మీద. మగ్గం పేరెత్తితే అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. అలాంటి ఇంట్లో నేను నేస్తానని ఒక కొడుకు ఎలా చెప్పగలడు?

బయట అరుగు మీద నాయినమ్మ దగ్గర పెన్సిలూ కాగితమూ పట్టుకుని కూర్చున్నాను. రంగులు గుర్తుపట్టలేనివాళ్లు మన వంశంలో ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

నాయినమ్మకు రోషం వచ్చింది. "ఏం మాటలే పొల్లా గవి? మనింట్ల రంగు తెల్వనోడు పుడ్తడా? పుడ్తే ఏం జేసి బతుకుతడు?"

సరే, మొదటి నుంచి చెప్పమన్నాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, రోగం ఉన్నవాళ్లకు నలుపు నింపాలి. రక్త సంబంధంలో పెళ్లి చేసుకుంటే మామూలు గీతకు బదులు జంట గీత గీయాలి. మా నాయినమ్మ తన మేనమామనే చేసుకుంది. ఆమె తల్లిదండ్రులదీ మేనరికమే. మా నాయిన తన అక్క కూతుర్నే చేసుకున్నాడు, అంటే మా నాయినమ్మ మా అమ్మకు అమ్మమ్మ కూడా. ఒకే ముసలమ్మను కాగితం మీద రెండు వైపుల నుంచి కలపలేక నా పెన్సిలు తిరగని వంకర లేదు. కాసేపటికి చూస్తే కాగితం నిండా జంట గీతలే, మలక్‌పేట దగ్గర రైలు పట్టాల్లా.

"నీ తమ్ముడొకడు ఉండేవాడన్నావు కదా, పెళ్లి కాలేదా?"

"యాడ అయితది? వానికి మాటెక్కడిది? చిన్నగున్నప్పుడు అమ్మవారు పోసి చెవులు పాయె."

రాసుకున్నాను. మా నాయినకు అన్న ఒకడుండేవాడని, యుక్త వయసులోనే పోయాడని తెలుసు. ఆయన గురించి అడిగాను.

"వాడు గట్టు మీది నుంచి పడ్డడు బిడ్డా. తలకు దెబ్బ తాకి గప్పటి సంది వినవడకపాయె. ఆ తర్వాత నీ అన్న. వాంది మగ్గం." నాయినమ్మ వక్క నోట్లో వేసుకుంది.

ఒకరికి అమ్మవారు, ఒకరికి గట్టు, ఒకరికి మగ్గం. ఏ చెవికి ఆ కారణం విడివిడిగా పెట్టుకున్నారు. అందుకే ముగ్గురినీ ఎవరూ ఒక్కచోట నిలబెట్టి చూడలేదు. నేను మూడు చతురస్రాలనూ నలుపు చేశాను. మూడూ జంట గీతల కిందే ఉన్నాయి. పుస్తకంలో పరీక్ష కోసం బట్టీ పట్టిన బొమ్మ నా ఒళ్లో ఉంది. లోపల మగ్గం ఆడుతూనే ఉంది.

మర్నాడు చార్ట్ మేడమ్‌కు చూపించాను. మా అన్న సంగతి కాలేజీలో నోరు విప్పి చెప్పడం అదే మొదటిసారి. ఆమె చాలాసేపు చూసింది.

"ఊయలలో ఉలిక్కిపడకుండా పడుకునేవాడన్నావు కదా. అంత చప్పుడులో పసిపిల్లాడు ఉలిక్కిపడలేదంటే అర్థమేంటి?"

నాకు వెంటనే తట్టలేదు. తర్వాత తట్టింది. వాడికి అప్పటికే వినపడటం లేదు. బుద్ధిమంతుడని వాడకట్టంతా మెచ్చుకున్న రోజున కూడా వినపడటం లేదు. "రక్తపరీక్ష చేయకుండా ఫలానా జన్యువని చెప్పకు. కానీ మగ్గం అని మాత్రం ఎవరూ చెప్పలేరు. మీ ఊళ్లో పిల్లలందరూ ఆ చప్పుడులోనే కదా పెరిగింది?" అంది మేడమ్. ఇంత చిన్న మాట మా ఇంట్లో ఒక్కరికి తోచి ఉంటే ఏమయ్యేదో. నాకు ముందు నా మీదే కోపం వచ్చింది, తర్వాత మా వాళ్లందరి మీదా.

సెమినార్ రోజు కూడా బంద్ పడింది. మేడమ్ వాయిదా వేయలేదు. హాస్టల్ పిల్లలు కొందరు, నడిచి రాగలిగినవాళ్లు కొందరు వచ్చారు. బయట ర్యాలీ డప్పులు కిటికీ అద్దాలను ఊపుతున్నాయి, నేను అరిచి చెప్పాల్సి వచ్చింది. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపం దాగి ఉంటే, వాళ్లకు ఏమీ ఉండదు, పిల్లల్లో నలుగురిలో ఒకరికి బయటపడే అవకాశం ఉంటుంది, దగ్గరి చుట్టాలు పెళ్లి చేసుకుంటే ఆ దాగినవి కలుసుకోవడం తేలిక. ఇదంతా చెబుతూ మా అమ్మ సున్నా మీద వేలు పెట్టాను. ఎవరి కుటుంబమో చెప్పలేదు. ఖాళీ బెంచీలకు మా ఇంటి గుట్టు చెప్పుకుంటున్నట్టు అనిపించింది. మా జట్టు ఇద్దరిలో ఒక్కరున్నా బాగుండేది. అయిపోయాక చప్పట్లు కొట్టారు, డప్పుల్లో కలిసిపోయాయి.

చార్ట్ చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాను. చైతన్యపురి దాటాక ఉద్యమంవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేస్తున్నారు. ఒక పెద్దామె నన్నాపి విస్తరిలో పులిహోర పెట్టింది. "ఏం రాసినవ్ బిడ్డా గందుల? ఎత్తి పట్టు, అందరు జూడనీ" అంది, నా చార్ట్‌ను నినాదాల బోర్డు అనుకుని. ఇది కాలేజీదని చెప్పి నవ్వాను. అంతమంది ఒకే మాట అంటుంటే ఆ మధ్యలో కూర్చుని నా మాట ఒక్కటే నేను మోసుకుంటున్నాను. పులిహోర బాగుంది, సగం తిని లేచాను.

బంద్ కాబట్టి ఇంట్లో అందరూ ఉన్నారు. చార్ట్ నేల మీద పరిచి నాలుగు మూలలా గ్లాసులు పెట్టాను. నాయిన, అమ్మ, అన్న చుట్టూ కూర్చున్నారు. ఒక్కొక్కరినీ చూపిస్తూ చెప్పాను, అదే మాటను చేతులతో అన్నకూ చెప్పాను. అది సులువు కాలేదు. నోరు ఒక చోట ఉంటే చేతులు ఇంకో చోటికి పోయేవి.

నాయిన ముఖం ఎర్రబడింది. "అంటే ఏందే? మా పెండ్లి తప్పంటవా? మా అమ్మ పెండ్లి తప్పంటవా?"

"ఎవరిదీ తప్పు కాదు నాయినా. ఎవరికీ తెల్వదు."

"మగ్గమైతే అమ్ముకున్నం. గిది రక్తంల ఉన్నదంటే యాడ అమ్ముకోవాలె?"

అమ్మ ఈసారి వంటింట్లోకి లేచి పోలేదు. చార్ట్ మీదున్న అన్న చతురస్రాన్ని చూస్తూ అడిగింది. "ఊయల నేను యాడ గట్టినా గింతేనా?"

"గింతేనమ్మా. బయట గట్టినా గింతే."

అమ్మ ఏడ్చింది. దాచుకోకుండా, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. నాయిన ఆమె వైపు చూడలేకపోయాడు. అమ్మ మీద పడ్డ నాయినమ్మ మాటను ఆయన ఎప్పుడూ పైకి అనలేదు, కాదనీ అనలేదు. నన్ను అడిగాడు, "అయితే మగ్గం వాన్ని ఏం జెయ్యలేదా?"

"ఏం జెయ్యలేదు."

అన్న నా భుజం తట్టాడు. నాయిన ఏమన్నాడని అడిగాడు. చెప్పాను. అప్పుడు వాడు నా సాయం లేకుండా, నాయినకు తెలిసిన ఆ పది ముక్కల్లోనే, నిదానంగా చెప్పుకున్నాడు. నేను. మగ్గం. ఊరు. అని రెండు చేతులూ జోడించాడు. నాయిన వాడి చేతులు పట్టుకుని విడదీశాడు, దండం పెట్టొద్దన్నట్టు.

తర్వాతి వారం నాయినే వాడిని తీసుకుని బయల్దేరాడు. నేనూ వెళ్లాను. బాబాయి గుమ్మంలో బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. నాయిన అతన్ని ఏమీ అనకుండా మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. ఇన్నేళ్లు చీరలు మడతపెట్టిన చేతులు మొదట తడబడ్డాయి, తర్వాత దారికొచ్చాయి. కొంత నేసి, లేచి, అన్నను కూర్చోబెట్టాడు. బట్టల సంచి మూలన పెట్టాడు. ఆ సంచిని చూశాక గానీ ఏం జరుగుతోందో నాకు పూర్తిగా ఎక్కలేదు. వాడు మాతో తిరిగి రాడు. ఇది కావాలనే నేను ఇంతా చేశాను. అయినా ఆ సంచిని వెనక్కి తీసుకుపోదామనిపించింది.

ఆటో వచ్చింది. అన్న తల వంచుకుని నేస్తున్నాడు, లోకం పట్టనంత సంతోషంగా. గది మొత్తం టకటకమంటోంది. నాయిన వాకిట్లోంచి, "పోయొస్తున్నమని చెప్పు, జర పిలువరాదు వాన్ని" అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత, ఆ చప్పుడులో, ఆయన మర్చిపోయాడు. వాడిని పిలవలేం. లోపలికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి మగ్గం ఆపాలి. నేను గుమ్మంలో నిలబడి, వాడే తలెత్తి చూస్తాడేమోనని ఎదురుచూశాను. చూడలేదు. నాకు ఆపబుద్ధి కాలేదు.

"చెప్పినవా?" అని అడిగాడు నాయిన ఆటోలో.

"చెప్పిన" అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోయి ఈ సంగతంతా ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియలేదు.